పేరులో రెండో గడి

బెంగళూరు పక్కన చందాపుర అంగళ్ళలో ఇడ్లీపిండి పాకెట్లు అమ్మడం మొదలైన ఏడాది అలివేలు ఇంట్లో ఒక చిన్నపాటి ధర్మయుద్ధం జరిగింది. ఆ ఉదయం ఇడ్లీలు పాకెట్ పిండితో వేసినవని తెలిసిన తర్వాత ఆమె తమ్ముడు మోహన్‌కుమార్ పళ్ళెం ముందు నుంచి లేవలేదు గానీ, తినకుండా వాటివైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపులో కోపం లేదు. వంశగౌరవం మంట గలిసినప్పుడు పెద్దమనుషులు చూసే చూపు అది.

“ఏమిరా అట్ల చూస్తావు? పురుగేమన్నా ఉండాదా?” అంది అలివేలు.

“ఇందులో ఏమేసినారో మనకెట్ల తెలుస్తాదక్కా?”

“బియ్యం, ఉద్దిపప్పు. ఇంకేమేస్తారప్పా ఇడ్లీకి, సిమెంటేస్తారా?”

“అది వాళ్ళు చెప్పే మాట.”

మరుసటి ఆదివారం మోహన్‌కుమార్ మూలనపడిన గ్రైండరును విప్పాడు. రాళ్ళు కడిగాడు, బేరింగు మార్చాడు, బెల్టు బిగించాడు, పప్పు నానబోశాడు. పిండి బ్రహ్మాండంగా పొంగింది. ఇడ్లీలు మల్లెపూలలా వచ్చాయని అలివేలు కూడా ఒప్పుకుంది. కాకపోతే అవి వచ్చేసరికి ఇంట్లో ఆకలితో ఉన్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

మోహన్‌కుమార్ జీవితచరిత్ర స్థూలంగా ఇంతే. మిగిలినవి వివరాలు.

ఈ గుణం అతనికి తండ్రి నుంచి వచ్చింది. ఆవులప్ప అత్తిబెలెలో లేతు మిషను నడిపేవాడు. అంగట్లో దొరికే మరను, అంటే స్క్రూను, కొనడం ఆయన దృష్టిలో హోటల్లో తద్దినం పెట్టడంలాంటిది. తానే ఇనుము తెచ్చి, తిప్పి, గీతలు కోసి మర చేసేవాడు. కొడుకు ఇనుము వదిలి కంప్యూటర్లలోకి వెళ్ళాడు గానీ లేతు మాత్రం అతని వెన్నంటే వచ్చింది. ఇంజనీరింగు ముగించి అతను బొమ్మసంద్రలో రాజగోపాల్ కంపెనీలో చేరాడు. పక్కనున్న ఎలక్ట్రానిక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. రాజగోపాల్ కంపెనీ మాత్రం రేకుల షెడ్డు. కింద సోల్డరింగు పొగ, పైన నాలుగు కంప్యూటర్లు, మెట్ల దగ్గర కిందటి ఆయుధపూజ నాటి గుమ్మడికాయ మరక. వాళ్ళు తయారుచేసేది పాలకేంద్రాల్లో పెట్టే పెట్టె. గిన్నెలో పాలు పోస్తే అందులో వెన్న ఎంతుందో చెప్పి చీటీ ఇస్తుంది. చింతామణి వైపు, పలమనేరు వైపు పల్లెల్లో ఆ పెట్టె మాటకు తిరుగు లేదు.

రెండువేల ఎనిమిదిలో పెట్టెకు కొత్త మోడల్ చేయాలని రాజగోపాల్ సంకల్పించాడు. కొత్త చిప్పు, దాన్ని నడిపించడానికి అందులో లినక్స్.

ఇక్కడ కొంత శాస్త్రం అవసరం. ఆ చిప్పు చిన్నప్రాణి. తన ప్రోగ్రాము తాను వండుకునే శక్తి దానికి లేదు. మేడమీది పెద్ద కంప్యూటరే దాని జీర్ణశక్తికి తగినట్టు వండి, క్యారియర్ కట్టి పంపాలి. ఇలా ఒకరి వంటింట్లో ఇంకొకరి పథ్యం వండే వంటమనిషి పేరు క్రాస్ కంపైలర్. వంటమనిషి వెంట గరిటెలు, జల్లెడలు, తూకంరాళ్ళు వగైరా ఉంటాయి. మొత్తాన్నీ కలిపి టూల్‌చెయిన్ అంటారు. దీన్ని చిప్పు అమ్మినవాళ్ళే సీడీలో పెట్టి ఇస్తారు. సీడీ లోపలికి తోసి, కిందికెళ్ళి టీ తాగి వచ్చేలోగా అంతా సిద్ధంగా ఉంటుంది.

టీ తాగేలోగా సిద్ధమయ్యేదాన్ని మోహన్‌కుమార్ నమ్ముతాడా?

“ఇందులో ఏమేసినారో మనకెట్ల తెలుస్తాది సార్?” అన్నాడు సీడీని వెలుతురుకు ఎత్తిపట్టి.

“తెలిసి ఏం చేస్తావప్పా? పని అయితాది కదా,” అన్నాడు రాజగోపాల్.

“రేపు వెన్న లెక్కలో పాయింటు తేడా వస్తే?”

వెన్న పేరెత్తితే రాజగోపాల్ లొంగిపోతాడు. “సరేలేప్పా, నీ ఇష్టం. కానీ తొందరగా కానీ.”

టూల్‌చెయిన్‌ను పునాది నుంచి కట్టిపెట్టే ప్రోగ్రాము ఒకటి ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మేస్త్రీ అనుకోండి. ఈ మేస్త్రీ కూడా తయారుగా రాడు. అతన్నీ సోర్స్ నుంచే, అంటే మనుషులు రాసిన మూలపాఠం నుంచే కట్టుకోవాలి. అంటే పెట్టెకు వండే వంటమనిషిని పుట్టించే మేస్త్రీని ముందు పుట్టించాలి. దానికి కావలసిన సామాను అంతకుముందే సమకూర్చాలి. ఈ సంగతి చదివిన రోజు మోహన్‌కుమార్ ముఖంలో కనిపించిన కాంతి మామూలుగా తిరుమలలో గర్భగుడి గడప దాటినవాళ్ళ ముఖాల్లో కనిపిస్తుంది.

మేస్త్రీ మహా పట్టుదల మనిషి. ఫలానా సామాను లేదంటూ ఆగిపోతాడు. తెచ్చిపెడితే, ఇది పాతది, కొత్తది తెమ్మంటాడు. కంప్యూటరుకు యజమాని హోదాలో వెళ్ళి పిలిస్తే అసలు పలకడు, మామూలు మనిషిగా రమ్మంటాడు. అన్నీ అమరాక బిల్డ్ అనే కట్టుబడి పని మొదలుపెట్టి, సాయంత్రం దాకా తెరమీద అక్షరాలు వానలా కురిపించి, చివర్లో ఒక్క ఎర్ర గీత గీసి చేతులు దులుపుకుంటాడు.

ఆ వానను ఎదురుబల్ల నుంచి చూసే మనిషి సుమ.

సుమది చింతామణి పక్క పల్లె. వాళ్ళ నాన్న పాలు పోసేది రాజగోపాల్ పెట్టెలోనే. అంచేత పెట్టె తప్పు చెబితే ఇంట్లో తిట్లు తినేది తానేనని, కాబట్టి ప్రోగ్రాములు పరీక్షించే ఉద్యోగం తనకే ఇవ్వాలని వాదించి చేరిన పిల్ల. టీ తెచ్చేవాణ్ని అన్నా అనేది. కొరియర్ అతన్ని అన్నా అనేది. వాచ్‌మన్ సొన్నప్ప తాత వయసువాడు, అతన్నీ అన్నా అనేది. మోహన్‌కుమార్‌ను మాత్రం ఏమీ అనేది కాదు. పిలుపు లేకుండా సూటిగా “మీరు తిన్నారా?”, “మీ బిల్డ్ ఏమైంది?” అని అడిగేది. ఆ లేని పిలుపు మీద మోహన్‌కుమార్ మనసులో ఒక మూడంతస్తుల మేడ కట్టాడు. రోజూ ఉదయం ఆఫీసుకు వస్తూ, ఇవాళ ఆ నోట అన్నా అన్నమాట రాకుండా చూడమని దారిలో మారెమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకున్న వేళ ఆమె చిత్రాన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అంది:

“మా ఇంట్లో సంబంధం చూస్తా ఉండారు. హైదరాబాదు వాళ్ళంట. నన్ను చెప్పమంటా ఉండారు, అవునా కాదా అని.”

“ఓహో,” అన్నాడు మోహన్‌కుమార్.

“ఏం చెప్పల్ల?”

“ఎవరికి?”

“మా ఇంట్లోవాళ్ళకి. ఇంకెవరికి?” సుమ తల ఎత్తింది. “మీరేమంటారు?”

తెలుగు దేశంలో, కన్నడ దేశంలో ఏ ఆడపిల్లా ఇంతకన్నా పెద్ద తలుపు తెరవదు. మోహన్‌కుమార్ ఆ తలుపు చూశాడు. దాని గడియ, బందులు, చెక్క నాణ్యం అన్నీ చూశాడు. లోపలికి మాత్రం నడవలేదు.

“ఈ బిల్డ్ అయిపోనీండి. చెప్తా.”

“బిల్డ్‌కీ దానికీ ఏం సంబంధం?”

“ఉండాది.”

ఆమె కొంచెం నవ్వింది. “సరే. వాళ్ళను అంతవరకూ ఆగమంటా. మీ మేస్త్రీకి చెప్పండి, తొందరగా కానీమని.”

బిల్డ్‌కూ దానికీ సంబంధం ఆ సాయంత్రమే ఏర్పడింది. కట్టే కంపైలరుకు, దాని వెంట ఉండే గరిటెలన్నిటికీ ఇంటిపేరులా మేస్త్రీ ఒక పెద్ద పేరు పెడతాడు. ఆ పేరులో గడులుంటాయి. మొదటి గడిలో చిప్పు జాతి, ఆర్మ్. చివర్లో లినక్స్. మధ్యన రెండో గడి ఖాళీ. అక్కడ కట్టించుకున్నవాళ్ళు తమ కంపెనీ పేరో, ఇష్టమైన ఏ పేరో పెట్టుకోవచ్చు. ఏమీ పెట్టకపోతే మేస్త్రీయే ‘అన్‌నోన్’ అని రాసుకుంటాడు, అంటే ఎవరో తెలియదని. కింద చిన్న సలహా కూడా ఉంటుంది. ఇంతకన్నా మంచిది మీకు తెలియకపోతే దీన్ని ఇలాగే ఉంచండి, అని.

మోహన్‌కుమార్‌కు ఇంతకన్నా మంచిది తెలుసు. అన్‌నోన్‌ను చెరిపి, అటూ ఇటూ చూసి, ‘సుమ’ అని కొట్టాడు.

ఇతరులు పువ్వులిస్తారు, చీటీలు రాస్తారు, బస్టాపులో నిలబడతారు. అవన్నీ అంగట్లో దొరికే మరలు. ఆర్మ్-సుమ-లినక్స్ అనే కంపైలరును పునాది నుంచి కట్టి, మొదటిసారి ఆమె చేతే నడిపించి, ఆమె వేళ్ళ కింద ఆమె పేరే తెరమీదికి వస్తుంటే పక్కన నిలబడడం! ఇక నోటితో చెప్పవలసిన అవసరమేముంది? ఆ ఊహకు అతనికే ఒళ్ళు పులకరించింది. ఆ పులకింతలోనే, మంచి పనివాళ్ళకుండే జబ్బు కొద్దీ, దాని కింది గడి కూడా నింపాడు. పెద్ద పేరు కొట్టడం కష్టం కాబట్టి చిన్న ముద్దుపేరు కూడా పెట్టుకోవడానికి మేస్త్రీ ఒప్పుకుంటాడు. రాజగోపాల్ ఒంటివేలితో టైపు చేసే మనిషి. ఆయన కోసమని ‘ఆర్మ్-లినక్స్’ అని చిన్నపేరు పెట్టి, బిల్డ్ మొదలుపెట్టాడు.

అది ఆగింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంకోచోట ఆగింది.

“నిన్న యాడ ఆగిందో ఆడనుంచి పోనీవచ్చు కదా?” అంది సుమ. మేస్త్రీ అందుకు ఒప్పుకుంటాడని ఆమె ఎక్కడో చదివింది.

“కింద ఏదన్నా తప్పుండి, దానిమీద కడితే?”

“కింద బాగానే ఉండాదని మీరే చెప్తిరి కదా.”

“బాగున్నట్టు కనిపిస్తా ఉండాది.”

కనిపించేదాన్ని నమ్మకూడదు గనక అన్నీ తుడిచి, నేల చదును చేసి, మళ్ళీ పునాది తవ్వాడు. వారాలు గడిచాయి. హైదరాబాదువాళ్ళు ఒకసారి ఫోను చేశారు, తర్వాత ఇంకోసారి చేశారు. సుమ క్యారియర్ విప్పుతూ “ఏమైంది?” అని ఒక్కమాట అడిగేది. అది బిల్డ్ గురించా, జవాబు గురించా అన్నది ఇద్దరికీ తెలుసు. “శుక్రవారానికి అయిపోతాది,” అనేవాడు. ఏ శుక్రవారమో చెప్పకపోవడం ఇంజనీర్ల ఆచారం. చివరకు తేలిందేమంటే, చిప్పువాళ్ళ సీడీని ఒకసారి వేసి పరీక్షించిన రోజు తన లాగిన్‌లో తానే రాసి మరిచిపోయిన ఒక్క లైను మేస్త్రీ కాలికి ప్రతిసారీ అడ్డం పడుతోంది. లోకమంతా గాలించి తప్పును తన జేబులో పట్టుకున్న మోహన్‌కుమార్ ఆ లైను తీసేశాడు.

ఆ మధ్యాహ్నం ఎర్ర గీత రాలేదు. అయిపోయిందని మేస్త్రీ చెప్పాడు.

“రండి,” అన్నాడు మోహన్‌కుమార్. “మీరే మొదట నడపల్ల.”

సుమ తన కుర్చీ లాక్కొచ్చి కూర్చుంది. చేతులు రుద్దుకుంది. అతను ఆమె భుజం వెనక, పెళ్ళిపీట దగ్గర పురోహితుడిలా నిలబడ్డాడు. ఆమె వేళ్ళు కదిలాయి. ఆర్మ్, అడ్డగీత, లినక్స్, అడ్డగీత...

మధ్యలో రావలసిన పేరు రాలేదు. ఆమె చిన్నపేరు కొడుతోంది.

కొత్త పేర్లన్నీ ఆఫీసు గోడమీద కాగితంలో ఉన్నాయి. ఉదయం రాజగోపాల్ అడిగితే మోహన్‌కుమారే రాసి అంటించాడు. ఎవరికీ శ్రమ ఉండకూడదని చిన్నపేర్లు మాత్రమే రాశాడు.

“అయిందే!” సుమ చప్పట్లు కొట్టింది. “వార్నింగ్ కూడా రాలేదు.”

“ఇంకేమన్నా... కనిపించిందా?”

“ఏం కనిపించల్ల?”

“పెద్దపేరు ఒకటుండాది దానికి.”

“చిన్నది ఉండంగా పెద్దదెందుకు? మంచి పని చేసినారు.” ఆమె కుర్చీ తిప్పి అతనివైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. “అయిపోయింది కదా. ఏదో చెప్తానంటిరే?”

చరిత్రలో కొన్ని క్షణాలుంటాయి. సరిగ్గా ఆ క్షణంలో రాజగోపాల్ మైసూర్‌పాక్ పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు. “అయిందంట కదప్పా! నోరు తెరువు!” అంటూ మోహన్‌కుమార్ నోట్లో ఒక పెద్ద ముక్క కుక్కాడు. ముక్క మింగడానికి పట్టిన కాలంలో అతను మాట్లాడలేకపోయాడు. మింగిన తర్వాత మాట్లాడకపోవడానికి మైసూర్‌పాక్‌ను నిందించడం న్యాయం కాదు.

“అదే,” అన్నాడు. “అయింది కదా. అదే.”

“ఇదేనా చెప్పేది?”

“ఇదే.”

సుమ కుర్చీని ఎత్తి తన బల్ల దగ్గర పెట్టుకుంది. లాక్కెళ్ళలేదు, ఎత్తి పెట్టుకుంది. చప్పుడు కాకూడదని కాబోలు. ఆ రాత్రి ఆమె ఇంటికి ఫోను చేసి అవునని చెప్పింది.

ఆమె ఆఖరిరోజున ఆఫీసు తరఫున గోడగడియారం ఇచ్చారు. మోహన్‌కుమార్ పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. “మన టూల్‌చెయిన్. అక్కడ పనికొస్తాది,” అన్నాడు. అది ఆటో కింద వచ్చి నిలబడ్డాక తోచిన ఆలోచన. మూట కట్టకుండా, సరిచూడకుండా, ఫైళ్ళు ఎత్తి పెన్‌డ్రైవ్‌లో పోసి మెట్లమీద పరిగెత్తాడు. జీవితంలో అతను తొందరపడి చేసిన పని అదొక్కటే. సుమ పెన్‌డ్రైవ్‌ను, తర్వాత అతన్ని చూసి, “ఉండు అన్నా, వచ్చేస్తా,” అంది. అది ఆటో అతనితో అన్నమాట. అయినా మోహన్‌కుమార్ ఉలిక్కిపడ్డాడు.

తర్వాత రెండేళ్ళు పాలపెట్టెలు బాగా అమ్ముడుపోయాయి. వెన్న లెక్కలో పాయింటు తేడా రాలేదు. ఆఫీసులో అందరూ చిన్నపేరు కొట్టేవారు. మోహన్‌కుమార్ మాత్రం ప్రతిసారీ పెద్దపేరు పూర్తిగా కొట్టేవాడు.

“చిన్నది నువ్వే పెట్టి, పెద్దది కొడతావెందుకప్పా?” అని రాజగోపాల్ ఒకసారి అడిగాడు.

“అలవాటు సార్.”

ఆ పేరులో మధ్య గడిని రాజగోపాల్ గమనించలేదు. గమనించినా ఏదో విదేశీ కంపెనీ అనుకుని ఉండేవాడు. అలివేలు తెచ్చిన సంబంధాల విషయంలో తమ్ముడు విచారణ మొదటితరం పూర్వీకుల నుంచి ప్రారంభించేవాడు గనక ఏదీ ఈ తరం దాకా రాలేదు. ఆమె విసిగి, ఇడ్లీపిండి పాకెట్లు మళ్ళీ కొనడం మొదలుపెట్టింది. అతను మాట్లాడకుండా తిన్నాడు.

ఒక మధ్యాహ్నం అతని ఫోను మోగింది.

“మోహన్ గారూ, నేను సుమనండీ.”

ఆ ‘గారు’, ఆ ‘అండీ’ హైదరాబాదు సరుకు. మోహన్‌కుమార్ లేచి నిలబడ్డాడు.

“బాగున్నారా? ఇక్కడ మళ్ళీ ఉద్యోగంలో చేరినాను. మన చిప్పే వచ్చింది. మీరిచ్చిన పెన్‌డ్రైవ్ ఇవాళ తీసినాను. ఆర్మ్-లినక్స్ అని కొడితే అలాంటిదేమీ లేదంటోంది.”

“పెన్‌డ్రైవ్‌లోకి చిన్నపేర్లు ఎక్కవు,” అన్నాడు మోహన్‌కుమార్, వైద్యుడు మందు చెప్పినట్టు. “అవి ఒట్టి గుర్తులు, దోవలో ఊడిపోతాయి. అసలు పేర్లు ఉంటాయి చూడండి. పెద్దవి.”

మాట నోరు దాటాక అతనికి తెలిసింది, తానేం అన్నాడో.

“ఉండండి, చదువుతా,” అంది సుమ. “ఆర్మ్...”

ఆగింది. అవతల ఎవరో ప్రింటరు దగ్గర నవ్వుతున్నారు. అది వినిపించింది.

“తర్వాత?” అన్నాడు మోహన్‌కుమార్. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

“తర్వాత లినక్స్,” అంది సుమ.

నవ్వులు దూరమయ్యాయి, సుమ ఫోను పట్టుకుని బయటికి నడిచినట్టుంది.

“ఎప్పుడు పెట్టినారు ఇది?”

“మొదటి నుంచీ ఉండాది.”

“ఆ పొద్దు చెప్తానన్నది ఇదేనా?”

“ఇదే.”

“నేను చిన్నపేరు కొడితిని కదా.”

“చిన్నపేరు పెట్టింది నేనే.”

“ఏం మనిషివప్పా నువ్వు!” అంది సుమ. గారు పోయింది, మీరు పోయింది. చింతామణి గొంతు తిరిగి వచ్చింది. “ఎదురుగా కూర్చొని ఉంటి కదా నేను. ఒక్కమాట. నోటితో ఒక్కమాట అడిగింటే అయిపోతుండె. దీన్నెవురు కట్టమనిరి?”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. మళ్ళీ మాట్లాడేటప్పటికి ఆమె హైదరాబాదుకు తిరిగి వెళ్ళిపోయింది.

“మోహన్ గారూ, మా ఆయనది కూడా ఇదే ఆఫీసండీ. ఇదే మెషీన్ వాడతారు. మంచివారు. కానీ ఇది చూస్తే బాగుండదు కదా. ఇంకోటి కట్టి పంపుతారా? ఆ పేరు లేకుండా.”

“పంపుతా.”

“చిన్నపేర్లు మాత్రం ఉండనీండి.”

“సరేనండీ,” అన్నాడు మోహన్‌కుమార్. అండీ అనడం అతనికీ అదే మొదలు.

మేస్త్రీని పిలిచాడు. అన్నీ తుడిచి నేల చదును చేయలేదు. సామాను తిరిగి తూచలేదు. నేరుగా పేరు దగ్గరికి వెళ్ళి, రెండో గడిలో ఉన్నది ఒక్కో అక్షరమే చెరిపాడు. అన్‌నోన్ అని కొట్టాడు. కింద చిన్నపేరు అలాగే ఉంచి, బిల్డ్ మొదలుపెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. ఏదో ఒక చోట ఆగుతుందని, ఒక ఎర్ర గీత వస్తుందని, వస్తే శుక్రవారానికి అని చెప్పవచ్చని చూశాడు.

అది ఎక్కడా ఆగలేదు. ఒక్క తప్పు లేకుండా, సాయంత్రం టీ వచ్చేసరికి మొత్తం లేచి నిలబడింది. ఈసారి చిన్నపేర్లు ఊడిపోకుండా పద్ధతిగా మూట కట్టి, సీడీకి ఎక్కించి, రెండుసార్లు సరిచూసి, కొరియర్‌కు ఇచ్చాడు.

తిరిగి వచ్చేసరికి తెరమీద ఆ గడి ఇంకా తెరిచే ఉంది, దాని కింద పాత సలహాతో సహా. ఇంతకన్నా మంచిది మీకు తెలియకపోతే దీన్ని ఇలాగే ఉంచండి.

మోహన్‌కుమార్‌కు తెలుసు. అయినా అలాగే ఉంచాడు.